రఫ్ కాగితాలను రద్దీకి వెయ్యకండి

నేను చదివింది నాలుగో తరగతి. పన్నెండేళ్లకే కండెలు చుట్టే పనికి పోయిన. తర్వాత సాంచాల మీద, ఆ తర్వాత జకార్డు మీద చద్దర్లు నేసిన. ఇప్పుడు కాళ్లు సహకరించక సోలాపూర్‌లోనే ఇంటిపట్టున ఉంటున్న. బొమ్మలు గీసే చదువు గురించి నాలాంటోడు రాసుడేందని మీరు అనుకోవచ్చు. కానీ పోయిన దీపావళి ముందు నేనొక తప్పు చేసిన. అటువంటిది మీ ఇంట్ల జరగొద్దని రాస్తున్న.

మా మనవరాలు పన్నెండో తరగతి. కొడుకుకు రైల్వేలో నౌకరి, అందుకని పిల్ల కేంద్ర బోర్డు, అంటే సీబీఎస్ఈ స్కూల్ల చదువుతది. పదకొండులో చేరినప్పుడే మిగతా సబ్జెక్టులతో పాటు పెయింటింగ్ తీసుకున్నది. అది ఆటవిడుపు అనుకున్నం. పండుగలకు ముగ్గులేసినట్టు ఏదో గీసుకుంటదిలే అని ఎవరం పట్టించుకోలేదు.

దీపావళికి ఇల్లు దులుపుతుంటే మంచం కింద ఒక రెక్సిన్ బ్యాగు దొరికింది. తెరిచి చూస్తే అన్నీ గీసి పాడుచేసిన పుస్తకాలు. ఒక కాగితం మీద పది చేతులు, ఒక్కటి కూడా పూర్తి కాలేదు. ఇంకో కాగితం నిండా చెంబులే. కొన్నిటి మీద అడ్డంగా గీతలు కొట్టి ఉన్నయి. మంచి బొమ్మలు స్కూల్ల బీరువాలో ఉంటయని పిల్ల ఎప్పుడో చెప్పింది. ఇవి చెడిపోయినవి గద అనుకున్న. గల్లీలకు రద్దీవాడు వచ్చిండు. పాత పేపర్లతో కలిపి తూకం వేసి ఇచ్చేసిన. వచ్చిన పైసలతో పిల్లకే అని చివ్డా పొట్లం తెచ్చిన.

సాయంత్రం వచ్చి మంచం కిందికి వంగి చూసింది. "తాతా, బ్యాగు ఏది?" అన్నది. చెప్పిన. పిల్ల అరవలేదు. "ఖరాబైనయి గద బిడ్డా, మంచియి స్కూల్ల ఉన్నయి గద" అన్న. "ఖరాబైనవే కావాలె తాతా" అని పోయి మెట్ల మీద కూర్చున్నది. చివ్డా ముట్టలేదు.

అదే రాత్రి ఇద్దరం రద్దీ దుకాణానికి పోయినం. దుకాణం ఆయన మంచోడు, లైటు వేసి వెతుక్కోమన్నడు. పేపర్ల గుట్టల్లో రెండు పుస్తకాలు దొరికినయి. మిగతాయి మధ్యాహ్నం టెంపోల పోయినయట. ఏడాదిన్నర పని పోయింది.

సార్ చెప్పిన లెక్క

మర్నాడు పిల్లతో పాటు స్కూలుకు పోయి డ్రాయింగ్ సార్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ. ఆయన నన్ను కోప్పడలేదు. "కూర్చోండి ఆజోబా" అని మరాఠీలో అన్నీ వివరంగా చెప్పిండ్రు. నాకు అర్థమైంది మీకు రాస్తున్న.

పెయింటింగ్ సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 30 మార్కులు రాసే పరీక్షకు. రాజస్థానీ, పహాడీ, మొఘల్, దక్కనీ చిత్రాలు, బెంగాల్ స్కూలు, ఇట్ల మన దేశపు బొమ్మల చరిత్ర అది. మిగతా 70 చేతిపనికి. ఆ 70లో 25 ఎదురుగా పెట్టిన వస్తువులను చూసి గీసేదానికి, 25 సొంతంగా ఆలోచించి వేసే కాంపోజిషన్‌కు. మిగిలిన 20 పోర్ట్‌ఫోలియోకు.

పోర్ట్‌ఫోలియో అంటే పిల్లలు ఏడాదంతా చేసిన పనిని ఒక వరుసలో పెట్టి చూపించే కట్ట. వస్తువులను, ప్రకృతిని చూసి గీసిన కొన్ని బొమ్మలు, కాంపోజిషన్లు అందులో ఉంటయి. అవి ఆ పిల్లలే ఆ ఏడాదిలో చేసినవని స్కూలు ధ్రువపరచాలె. నన్ను పట్టి కుదిపిన మాట తర్వాత వచ్చింది. ఆ 20లో సగం, అంటే 10 మార్కులు, మొదటి గీత నుంచి పూర్తయిన బొమ్మ వరకు పని ఎట్ల నడిచిందో చూపించే రికార్డుకే.

అంటే నేను కిలోల లెక్కన అమ్మింది ఆ రికార్డునే.

సార్ ఇంకో మాట కూడా చెప్పిండ్రు. "మార్కులు పక్కన పెట్టండి. పూర్తయిన బొమ్మ చూస్తే పిల్ల ఎంత బాగా గీస్తదో తెలుస్తది. రఫ్ చూస్తే పిల్ల ఎట్ల ఆలోచిస్తదో తెలుస్తది. రేపు ఏ ఆర్ట్ కాలేజీకి పోయినా పనికొచ్చేది ఆ రెండోదే."

అప్పుడు నాకు మా షెడ్డులో డిజైన్ మాస్టర్ గుర్తుకొచ్చిండు. జకార్డు చద్దరు నేసినోళ్లకు ఈ సంగతి తెలుసు. నెమలైనా పువ్వైనా మొదలు గడుల కాగితం మీద పుడుతది. ఒక్కొక్క గడికి లెక్క చూసి రంగు నింపుతరు. ఆ లెక్క ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతరు. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేస్తది, లేనిచోట లేవదు. ఒక్క రంధ్రం తప్పితే ఆ తప్పు డిజైన్ మళ్లీ వచ్చినప్పుడల్లా చద్దరు పొడుగునా వస్తది. అందుకే మా మాస్టర్ పాత గడుల కాగితాలు ఒక్కటి పారెయ్యకపోయేటోడు. తప్పు ఎక్కడ మొదలైందో చూడాలంటే అవే దిక్కు. నేను నలభై ఏళ్లు ఆ కాగితాల పక్కనే పనిచేసి, మా పిల్ల కాగితాలను గుర్తుపట్టలేదు.

ఎవరికి తెలుస్తది?

దొరికిన రెండు పుస్తకాలు పోను, చాలా బొమ్మలకు మొదటి గీతలు లేవు. ప్రాక్టికల్ పరీక్షకు మూడు నెలలే ఉన్నది. మా కొడుకు ఒక ఉపాయం చెప్పిండు. "పూర్తయిన బొమ్మలు ఉన్నయి గద, వాటిని చూసి వెనక్కి రఫ్ తయారుచెయ్యి. పల్చగా రెండు గీతలు, కొట్టేసినట్టు రెండు గీతలు. ఎవరికి తెలుస్తది?"

నేను కూడా తల ఊపిన. తప్పు నాది, ఎట్లనైనా దిద్దుకోవాలని ఆత్రం.

పిల్ల రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు చెప్పింది, "బాపూ, జరగని తప్పులను నేను ఎట్ల గీయాలె?" అని. సార్ కూడా అదే అన్నరట. ముందే జవాబు తెలిసిన చేతి నుంచి వెతుకుడు గీత రాదు, చూసేటోళ్లకు తెలిసిపోతది, తెలియకపోయినా అది అబద్ధమే అని. ఉన్నది ఉన్నట్టు పెట్టు, పోయినవి పోయినయని చెప్పు, ఒక కాంపోజిషన్ మాత్రం మొదటి నుంచి కొత్తగా చెయ్యి అని సలహా ఇచ్చిండ్రు.

"దేని మీద చేస్తవు?" అని అడిగిన. "నీ సాంచా మీద" అన్నది.

తెలిసింది వేరు, కనబడేది వేరు

నేను ముందు పనిచేసిన షెడ్డు యజమానిని అడిగితే, సెలవు రోజు పిల్లను కూర్చోనిచ్చిండు. పక్కన స్టూలు మీద నేనూ కూర్చున్న. కాసేపటికి కాగితం చూసి, "ఇది తప్పు బిడ్డా, ఈ పలక ఇంత పొట్టిగ ఉండదు" అన్న. "నాకు ఇక్కడి నుంచి అంతే కనబడుతది తాతా" అన్నది. కాదంటే కాదని వాదించిన. చివరికి లేచి తన స్టూలు నాకిచ్చింది. కూర్చుని ఒక కన్ను మూసి చూసిన. నిజమే, అంతే ఉన్నది. ఏండ్లకేండ్లు ఆ సాంచా ముందు నిలబడ్డ. దాని కొలతలు చేతికి తెలుసు గాని, పక్కనుంచి చూస్తే ఎట్ల కనబడుతదో ఆ రోజు దాకా నేను చూడలేదు.

ఈ చదువులో మొదటి పాఠం ఇదేనట. తెలిసింది కాదు, కనబడేది గీయాలె. చెంబు మూతి గుండ్రమని మనకు తెలుసు. కానీ బల్ల మీద పెట్టి చూస్తే అది గుండ్రంగా కనబడదు, కోడిగుడ్డు లెక్క సాగి కనబడుతది. కంటి ఎత్తుకు తెస్తే సన్నని గీతైపోతది. నేను అమ్మిన చెంబుల పుస్తకం ఆ సాధనే.

పోగుల దగ్గర కూడా నాకు పట్టలేదు. "ఇన్ని వందల పోగులుంటే నువ్వు పదే గీసినవు" అన్న. పోగులు లెక్కపెట్టొద్దు, వెలుగెక్కడ, నీడెక్కడ అది చూడమని సార్ చెప్పిండ్రట. పెన్సిల్ పక్కకు వంచి నీడ రుద్దింది. దూరం నుంచి చూస్తే అన్ని పోగులూ ఉన్నట్టే ఉన్నది!

ఇంకో రోజు నడిచే సాంచా దగ్గరికి పోయినం. చేతులు ఆగవు గద, గీసుడు కుదరలేదు. అప్పుడు ఒక్కో నిమిషంలో ఒక్కో బొమ్మ గీసి వదిలేసుడు మొదలుపెట్టింది. ఆ పూట ముప్పై దాకా గీసింది. అందులో ఒక్క చేయి మాత్రం తెగిన పోగును ముడివేసే చేయి. అది చూస్తే నాకు నా వేళ్లే కనబడ్డయి.

నేను కూడా ఒక పని నేర్పిన. పరీక్షలో రెండు మూడు వస్తువులు పెట్టి వెనక, కింద గుడ్డలు పరుస్తరు. ఆ గుడ్డ మడతలు గీసుడు చాలామందికి కష్టం. మా పిల్ల చద్దరు మడత, చీర మడత ఒక్కతీరు గీస్తున్నది. "ముందు చేత్తో పట్టుకో" అన్న. చద్దరు మడత మందంగ, గుండ్రంగ పడుతది. నైలెక్స్ చీర మడత సన్నగ, పదునుగ జారుతది. టవల్‌కు మడత అంచే సరిగ కనబడదు. చేతికి తెలిసినంక కంటికి దొరికింది. మన ఇండ్లల్లో పిల్లలకు గుడ్డ గురించి చెప్పేటోళ్లు ఉన్నరు. అది చిన్న ఆస్తి కాదు.

ఆ రోజుల్లో సార్ ఒక పుస్తకం పంపిండ్రు. హాలండ్ దేశంలో వాన్ గో అనే చిత్రకారుడు 1884లో న్యూనెన్ అనే ఊర్ల ఉండి, చేనేత మగ్గాలను, నేసేటోళ్లను వరుసగ బొమ్మలు వేసిండు. చీకటి గది, పెద్ద మగ్గం, దాని మధ్య బక్కచిక్కిన మనిషి. మన తాతల ఇండ్ల లెక్కనే ఉన్నయి. మరుసటి ఏడు 1885లో అదే ఊర్ల ఆలుగడ్డలు తినే కూలీ కుటుంబం బొమ్మ వేసిండు. దానికి ముందు రైతుల, కూలీల ముఖాలు, చేతులు ఎన్నోసార్లు గీసి సాధన చేసిండు. ఆ సాధన బొమ్మలు దాచిపెట్టిండ్రు కాబట్టి ఇప్పుడు మనం చూస్తున్నం. మనకు దగ్గరోడు ఇంకొకాయన ఉన్నడు. ఎం.ఎఫ్. హుసేన్ పుట్టింది మన జిల్లా పండరీపురంలోనే. బొంబాయిల సినిమా బోర్డులు వేసి బతికినోడే గొప్ప చిత్రకారుడైండు.

కట్ట ఎట్ల తయారుచేసుకోవాలె

మీ ఇంట్ల పిల్లలు ఈ దారిల ఉంటే, నేను చూసి నేర్చుకున్నవి ఇవి.

ప్రతి కాగితం వెనక తేదీ రాయించండి. రోజులు గడిచినంక ఏది ముందు, ఏది తర్వాత అన్నది గుర్తుండదు. వరుస తెలియకపోతే రికార్డు కాదు.

ఫోన్‌లో బొమ్మ చూసి గీసుడు తగ్గించమనండి. ఫోటోలో వెలుగు, నీడ, కొలత అన్నీ కెమెరా ముందే తేల్చేసి ఉంటది. కంటికి పని ఉండదు. ఇంట్ల చెంబు, స్టవ్వు, చెప్పుల జత, నిద్రపోయే నాయినమ్మ, ఇవి చాలు. వస్తువు మీద వెలుగు ఒక్క పక్కనుంచి పడేటట్టు కిటికీ దగ్గర పెట్టండి. రెండు మూడు దిక్కుల నుంచి వెలుగొస్తే నీడ తెలియదు.

సామాను ఎక్కువ అక్కరలేదు. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు చాలు. అంకె పెరిగిన కొద్దీ పెన్సిల్ మెత్తగ, నల్లగ గీస్తది. సాధనకు మామూలు కాగితం నడుస్తది, చివరి బొమ్మకు మందపు కార్ట్రిడ్జ్ కాగితం కొనండి. కాగితాలు మడతపెట్టొద్దు, చుట్టలు చుట్టొద్దు. రెండు అట్టల మధ్య పరిచి, తేమ తగలనిచోట పెట్టండి. బొగ్గుతో, మెత్తని పెన్సిల్‌తో వేసినవాటి మధ్య పల్చని కాగితం వెయ్యకపోతే ఒకదాని నలుపు ఇంకోదానికి అంటుతది.

పూర్తయిన ప్రతి బొమ్మకు పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండ, తిన్నగ పైనుంచి ఫోటో తీసి పెట్టుకోండి. మాకు ఆ అలవాటు ఉంటే నేను అమ్మినవాటి జాడన్నా మిగిలేది.

చివర ఎంచేటప్పుడు అన్నీ పెట్టొద్దు. ఒక్కతీరు బొమ్మలు నాలుగుంటే మంచిదొక్కటి చాలు. ఎంచే పని పిల్లలకే వదలండి, సార్‌నో మేడంనో అడగమనండి. మనకు నచ్చింది ముద్దుగున్న బొమ్మ కావచ్చు, వాళ్లకు కావలసింది నేర్చుకున్న బొమ్మ.

రాష్ట్ర బోర్డులో చదివే పిల్లలకు కూడా దారి ఉన్నది. మహారాష్ట్రలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని ప్రభుత్వ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలున్నయి. వస్తువులను చూసి గీసుడు, జ్ఞాపకం నుంచి గీసుడు, డిజైన్, జామెట్రీతో పాటు అక్షరాలు రాసుడు అందులో ఉంటయి. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రేడు వస్తే పదో తరగతిలో 7 మార్కులు, బీకి 5, సీకి 3 కలుపుతరు. ఈ ఏటి నియమాలు ఒకసారి స్కూల్ల అడిగి తెలుసుకోండి.

బొమ్మలు బువ్వ పెడతయా?

ఈ మాట మా ఇంట్ల కూడా వచ్చింది. కొడుకు కామర్స్ అన్నడు, బ్యాంకు పరీక్ష అన్నడు. వాడి భయం తప్పు కాదు. మిల్లులు మూతబడ్డప్పుడు మనం పడ్డ పాట్లు చూసి పెరిగినోడు. నేను ఒక్కటే చెప్పిన. "మా షెడ్డుల మేం పదిమందిమి నేస్తే, గీసేటోడు ఒక్కడు. ఆయన గీస్తేనే మాకు పని. రేపు చద్దరు నేసే చేతులు తక్కువైనా, గీసే చెయ్యి కావాల్సిందే గద."

బొంబాయిల సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857 నుంచి ఉన్నది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ పేరున ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నది. అహ్మదాబాదులో ఎన్.ఐ.డి., చాలా ఊర్లల్లో నిఫ్ట్ ఉన్నయి. వాటిల్ల గుడ్డల డిజైన్ కూడా ఒక చదువే. ప్రవేశ పరీక్షలు కఠినం, కొన్నిచోట్ల ఫీజులు మనసొంటోళ్లకు భారం. అందరికీ సీటు వస్తదని నేను చెప్పను. కానీ అడుగనిదే దారి లేదనుకోవద్దు.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ అయ్యింది. పిల్ల వచ్చి చెప్పింది, పరీక్షకు వచ్చిన మేడం పూర్తయిన బొమ్మలు చూసి పక్కన పెట్టి, సాంచా రఫ్ పుస్తకం చాలాసేపు తిప్పిందట. కొన్ని బొమ్మలకు రఫ్ లేదేమని అడిగిందట. "మా తాత రద్దీకి వేసిండు" అని ఉన్న మాట చెప్పిందట. మేడం నవ్విందట. మార్కులు ఎన్ని వేసిందో ఇంకా తెలియదు. నా వల్ల ఎన్ని తగ్గినా ఆ బాధ నాకు ఉంటది.

ఇప్పుడు మా ఇంట్ల మంచం కింద కొత్త బ్యాగు ఉన్నది. దాని మీద పిల్ల పెద్ద అక్షరాలతో రాసింది, "ఇది రద్దీ కాదు తాతా" అని. దీపావళికి ఇల్లు దులిపేముందు మీరు కూడా మీ పిల్లలను ఒక్క మాట అడగండి.